బ్యాటరీ మార్చేదెవరు?

ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయి, ఛార్జర్ దగ్గర లేని రోజున చాలామందికి తట్టే సందేహం ఒకటుంది. బయట ఎండ మండిపోతోంది. ఇంట్లో బల్బులు వెలుగుతున్నాయి. గాలి నిండా సెల్‌టవర్ల తరంగాలు, వైఫై తరంగాలు తిరుగుతున్నాయి. జేబులో ఫోన్ అడుగడుగుకీ కదులుతూనే ఉంది. చుట్టూ ఇంత శక్తి ఉండగా ఫోన్ తనంతట తానే ఎందుకు ఛార్జ్ కాదు?

సందేహం సబబైనదే. దీనికి జోడీగా ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. కారు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌కు ఛార్జింగ్ ఎవరు పెడుతున్నారు? అందులో చిప్పు ఉంది, యాంటెన్నా ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌గేటు రాగానే తన నంబరు తానే చెబుతుంది. చించి చూసినా లోపల బ్యాటరీ కనబడదు. మెట్రో స్టేషన్ గేటుకు తాకించే స్మార్ట్‌కార్డులోనూ ఉండదు.

ఫోన్‌కు చాలని శక్తి ఫాస్టాగ్‌కు చాలింది. ఎందుకు చాలింది, ఎలా చాలింది అన్నదే ఈ అధ్యాయం. చుట్టుపక్కల వృథాగా పోతున్న వెలుగు, వేడి, కదలిక, రేడియో తరంగాల నుంచి కొద్దికొద్దిగా కరెంటు కూడబెట్టే ఈ విద్యను ఇంజనీర్లు ఎనర్జీ హార్వెస్టింగ్ అంటారు. కోత అయ్యాక చేలో మిగిలిన గింజలు ఏరుకోవడాన్ని పల్లెల్లో పరిగె ఏరుకోవడం అంటారు కనుక, మనం దీన్ని పరిగె విద్యుత్తు అని పిలుచుకుందాం.

మనిషి వెళ్లనక్కర్లేని చోటికి మనిషి వెళ్లాలి

ఉష్ణోగ్రత, తేమ, కంపనం, ఒత్తిడి వంటివాటిని పసిగట్టి అంకెలుగా మార్చేది సెన్సర్. దానికి చిన్న రేడియో తగిలిస్తే వైర్‌లెస్ సెన్సర్ అవుతుంది. వైరు లేదు కాబట్టి ఎక్కడైనా పెట్టొచ్చు: వంతెన అడుగున, బాయిలర్ పక్కన, పత్తిచేలో, రైలు చక్రం దగ్గర. వైరు లేదు కాబట్టే కరెంటూ రాదు. అందుకని లోపల బ్యాటరీ పెడతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1990ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్ పిస్టర్ అనే ఆచార్యుడు ‘స్మార్ట్ డస్ట్’ అనే ఆలోచనను ముందుకు తెచ్చాడు. ధూళిరేణువంత సెన్సర్లను వేల సంఖ్యలో చల్లితే, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పరిసరాల సమాచారం పంపుతాయన్నది కల. 2002లో బర్క్‌లీ, ఇంటెల్ పరిశోధకులు మెయిన్ రాష్ట్ర తీరంలోని గ్రేట్ డక్ ఐలండ్ అనే చిన్న దీవిలో 32 వైర్‌లెస్ సెన్సర్లు అమర్చారు. స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షి అక్కడ నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెడుతుంది. మనుషులు మాటిమాటికీ వెళ్లి తొంగిచూస్తే పక్షి బెదిరిపోతుంది. సెన్సరైతే బొరియలోపల మౌనంగా పడి ఉండి ఎంత వెచ్చగా ఉందో చెబుతుంది.

మనిషి వెళ్లనక్కర్లేకపోవడమే ఇక్కడ సెన్సర్ గొప్పతనం. బ్యాటరీ అయిపోతే ఆ గొప్పతనం కాస్తా పోయి, మళ్లీ మనిషి వెళ్లాల్సి వస్తుంది.

దీవి సంగతి అలా ఉంచి, ఊళ్లో లెక్క చూద్దాం. ఓ పెద్ద కర్మాగారంలో 10,000 సెన్సర్లు పెట్టారనుకుందాం. ఒక్కో బ్యాటరీ ఐదేళ్లు వస్తుందని కంపెనీ హామీ ఇచ్చింది. ఐదేళ్లంటే చాలా కాలమనిపిస్తుంది. కానీ పదివేలను ఐదేళ్ల రోజులతో భాగించి చూడండి. ఆదివారాలూ పండగలూ లేకుండా రోజుకు ఐదారు బ్యాటరీలు మార్చాలి. ఏది ఎక్కడుందో వెతికి, నిచ్చెన వేసి, మూత విప్పి, మార్చి, తిరిగి బిగించి, పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. బ్యాటరీ ధరకంటే దాని దగ్గరికి మనిషి వెళ్లే ఖర్చే ఎక్కువవుతుంది. కాంక్రీటులో పూడ్చిన సెన్సరైతే ఎంత ఖర్చు పెట్టినా దాని దగ్గరికి పోలేం. వాడి పారేసిన లిథియం బిళ్లలు ఎక్కడికి పోతాయన్నది మరో బెంగ.

సెన్సర్ ఎంత తింటుంది?

వనరుల కోసం వెతికేముందు ఖర్చెంతో తెలియాలి. ఇక్కడ మనకు కావలసిన కొలత మైక్రోవాట్. వాట్‌ను పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 90 లక్షల మైక్రోవాట్లు తీసుకుంటుంది.

5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ రోజుకొకసారి ఖాళీ అవుతుందనుకుంటే, సగటున ఆ ఫోన్ దాదాపు 8 లక్షల మైక్రోవాట్లు తింటున్నట్టు లెక్క. ఈ అంకెను గుర్తుంచుకోండి.

ఇప్పుడు సెన్సర్ వైపు చూద్దాం. కారు తాళంలోనూ తూకం యంత్రాల్లోనూ కనిపించే గుండ్రటి బిళ్ల బ్యాటరీ మీద సీఆర్2032 అని ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెల అర్థం. అందులో ఉండే మొత్తం శక్తి సుమారు 2,400 జౌళ్లు. చిన్న బ్లూటూత్ రేడియో మాట్లాడుతున్నంతసేపూ దాదాపు 30,000 మైక్రోవాట్లు తీసుకుంటుంది. ఆపకుండా మాట్లాడితే ఆ బిళ్ల ఒక్కరోజు కూడా రాదు.

అయితే సెన్సర్ ఆపకుండా మాట్లాడాల్సిన పనేముంది? గదిలో ఉష్ణోగ్రత క్షణక్షణానికీ మారిపోదు కదా. అందుకే దాన్ని నిద్రపుచ్చుతారు. నిద్రలో 3 మైక్రోవాట్లు చాలు. నిమిషానికొకసారి లేచి, కొలిచి, సెకనులో రెండువందలో వంతు సేపు మాట్లాడి మళ్లీ పడుకుంటుంది. ఆ ఒక్క కబురుకూ అయ్యే ఖర్చు 150 మైక్రోజౌళ్లు. నిమిషం మొత్తానికి పంచితే సెకనుకు రెండున్నర మైక్రోజౌళ్లు, అంటే రెండున్నర మైక్రోవాట్లు. నిద్ర ఖర్చు కలుపుకున్నా సగటు 6 మైక్రోవాట్లు దాటదు. ముప్పైవేలు ఆరుకు దిగింది. అయిదువేల రెట్లు తగ్గింది. పరిగె విద్యుత్తుకు తలుపు తెరిచింది కొత్త సౌరఫలకమో వింత పదార్థమో అనుకుంటాం గానీ, అసలు తెరిచింది ఈ నిద్రే.

అన్ని సెన్సర్లూ ఇంత పొదుపుగా బతకలేవు. కిలోమీటర్ల దూరంలోని టవర్‌కు కబురు పంపే లోరా వంటి రేడియోకు ఒక్కో కబురుకు జౌల్‌లో పదోవంతు దాకా కావాలి. అంటే బ్లూటూత్ కబురుకంటే వందల రెట్లు. పొలంలో ఉండి పదినిమిషాలకొకసారి అలా పలికే సెన్సర్‌కు బిళ్ల బ్యాటరీలోని శక్తంతా ధారపోసినా ఆరు నెలలు గడవవు. ఎండకు బ్యాటరీ ముసలితనం త్వరగా వస్తుందన్నది దీనికి అదనం.

మొత్తం మీద మనం వెతుకుతున్నది కొన్ని మైక్రోవాట్ల నుంచి కొన్ని వందల మైక్రోవాట్ల దాకా. ఫోన్ అడిగే ఎనిమిది లక్షలు కాదు.

వెలుగు, వేడి

అన్నిటికంటే సులువుగా దొరికేది వెలుగు. నడినెత్తి ఎండలో చదరపు సెంటీమీటరు మీద లక్ష మైక్రోవాట్ల కాంతిశక్తి పడుతుంది. మంచి సౌరఫలకం అందులో అయిదో వంతును కరెంటుగా మారుస్తుంది. అంటే గోరంత ముక్కతో 20,000 మైక్రోవాట్లు. ఆరుబయట ఉండే సెన్సర్‌కు ఇంతకంటే ఏం కావాలి? తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లో నిలబెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలను చూడండి. వానకొలత గిన్నె, గాలివేగం చెప్పే గిన్నెల చక్రం, వాటి పక్కనే ఓ సౌరఫలకం ఉంటాయి. అక్కడ కష్టం ఎండతో కాదు, ముసురుతో. వరసగా నాలుగు రోజులు తెరిపి లేకుండా వాన కురిసినప్పుడే వాతావరణ కేంద్రం కబురు అందరికీ ముఖ్యం. సరిగ్గా అప్పుడే దానికి తిండి తక్కువ. అందుకే ఫలకం ఎంత ఉండాలో నిర్ణయించేటప్పుడు ఏడాది సగటును చూడరు, ఏడాదిలోకెల్లా చెడ్డవారాన్ని చూస్తారు.

ఇంట్లోకి వస్తే కథ మారిపోతుంది. మన కంటికి గది వెలుతురుగానే ఉంటుంది. ఎందుకంటే కన్ను చీకటికీ వెలుగుకూ తనను తాను సర్దుకుంటుంది. ఫలకానికి ఆ సర్దుబాటు తెలియదు. వెలుతురు కొలతలో బయటి ఎండ లక్ష లక్స్ ఉంటే, బాగా వెలిగే ఆఫీసు గది 500 లక్స్ ఉంటుంది. రెండువందల రెట్లు తక్కువ. పైగా ఎల్‌ఈడీ వెలుగులో ఎండలో ఉండే పరారుణ భాగం ఉండదు. ఇంటి కప్పు మీద పెట్టే స్ఫటిక సిలికాన్ ఫలకం ఆ మసకలో బాగా చతికిలబడుతుంది. స్ఫటికంగా పేరుకోని అమార్ఫస్ సిలికాన్ ఎండలో దానికంటే వెనకబడినా, గదివెలుగులో మెరుగు. షాపుల్లో లెక్కలు చేసే సోలార్ కాలిక్యులేటర్ల నుదుటి మీది నల్లటి పట్టీ అదే. గదిలో దానికి చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోవాట్లు దొరికినా, అరచేతిలో నాలుగోవంతు పట్టీ చాలు, 200 మైక్రోవాట్లు వచ్చేస్తాయి. మనం పైన చూసిన సెన్సర్ లాంటివి ముప్పై బతకొచ్చు.

వేడి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండు వేర్వేరు లోహాలను రెండు కొసల వద్ద కలిపి, ఒక కొసను వేడిచేస్తే తీగలో కరెంటు పుడుతుంది. 1821లో బెర్లిన్‌లో థామస్ సీబెక్ ఇది గమనించాడు. పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది కాబట్టి ఇదేదో అయస్కాంత వ్యవహారమనుకున్నాడు. కరెంటు వల్ల ముల్లు కదిలిందని తేల్చింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్స్టెడ్. 1977లో బయల్దేరిన వోయేజర్ నౌకలు ప్లుటోనియం వేడిని ఈ ఉష్ణవిద్యుత్ పద్ధతిలోనే కరెంటుగా మార్చుకుంటూ గ్రహాలన్నిటినీ దాటిపోయాయి.

ఇందులో మరవకూడని విషయం ఒకటే. వేడి ఉంటే సరిపోదు, వేడిలో తేడా ఉండాలి. పల్నాడులోనో నల్గొండలోనో సిమెంటు ఫ్యాక్టరీ బట్టీ పైతొడుగు రెండు మూడు వందల డిగ్రీల వేడితో ఉంటుంది, చుట్టూ గాలి నలభై. అంత తేడా ఉన్నచోట సెన్సర్ హాయిగా బతుకుతుంది. మరి ఒంటివేడితో నడిచే చేతి గడియారం? 1998లో సీకో కంపెనీ అలాంటిది నిజంగానే అమ్మింది. జపాన్ చలికాలంలో అది బాగానే నడుస్తుంది. మే నెల విజయవాడలో చర్మమూ గాలీ ఒకే వేడికి వచ్చే గంటలుంటాయి. అప్పుడు ఎంత చెమట పట్టినా ఒక్క మైక్రోవాట్ కూడా పుట్టదు.

కబురే తన ఖర్చు తెచ్చుకుంటే

వెలుగూ వేడీ నిదానంగా వచ్చే వనరులు. కదలికా రేడియో తరంగాలూ అలా కావు. అవి ఎప్పుడో ఒకసారి వస్తాయి, వచ్చినప్పుడు ఉంటాయి, లేనప్పుడు లేవు. ఇది లోపంలా కనిపిస్తుంది. కానీ పరిగె విద్యుత్తులో అన్నిటికంటే అందమైన ఉపాయాలు ఈ లోపాన్ని వాడుకునే పుట్టాయి.

మొదటిది మీటనొక్కు. మామూలు స్విచ్‌కు గోడలో వైరు కావాలి. వైరు లేని స్విచ్‌కు బ్యాటరీ కావాలి. జర్మనీలో సీమెన్స్ నుంచి 2001లో విడిగా వచ్చిన ఎన్‌ఓషన్ అనే కంపెనీ ఈ రెండూ లేని స్విచ్ చేసింది. మీట నొక్కగానే లోపల చిన్న అయస్కాంతం తీగచుట్ట దగ్గర టక్కున దిశ మార్చుకుంటుంది. సైకిల్ డైనమోలో జరిగే పనే, కాకపోతే ఒక్క క్షణం. ఆ నొక్కుతో పుట్టేది వందా రెండువందల మైక్రోజౌళ్లు. ‘నన్ను నొక్కారు’ అన్న కబురును రేడియోలో పంపడానికి అది సరిపోతుంది. ఆ కబురందుకున్న పెట్టె లైటు వేస్తుంది. ఎవరూ నొక్కనంతసేపూ స్విచ్‌లో ప్రాణం లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. నొక్కిన వేలే కబురూ ఇచ్చింది, దాన్ని మోయడానికి కూలీ కూడా ఇచ్చింది.

రెండోది రైలు చక్రం. ఇరుసు చివర బేరింగ్ అరిగితే మొదట కంపనం మారుతుంది, తర్వాత వేడెక్కుతుంది, పట్టించుకోకపోతే బండి పట్టాలు తప్పేదాకా పోవచ్చు. చక్రం దగ్గర సెన్సర్ పెడితే ముందే తెలుస్తుంది. కానీ వేల చక్రాలకు బ్యాటరీలు మార్చేదెవరు? సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి 2004లో పుట్టిన పర్పెట్యూమ్ అనే బ్రిటిష్ కంపెనీ, కంపనంతోనే నడిచే సెన్సర్లను రైళ్లకు అమర్చింది. 2021లో దాన్ని హిటాచీ రైల్ కొనేసింది. బండి ఆగి ఉన్నప్పుడు కంపనం లేదు, కొలవాల్సిందీ లేదు. బండి కదిలితే కొలవాల్సిందీ వచ్చింది, కొలిచే శక్తీ వచ్చింది.

కంపనాన్ని కరెంటుగా మార్చడానికి అయస్కాంతమే అక్కర్లేదు. గ్యాస్‌స్టవ్ వెలిగించే లైటర్‌ను టక్కుమనిపించినప్పుడు వచ్చే నిప్పురవ్వ ఒత్తిడి విద్యుత్తే. దీని శాస్త్రీయ నామం పైజో ఎలక్ట్రిసిటీ. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పేరుకుంటుందని 1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. అలాంటి పదార్థాన్ని పలుచని పట్టీ మీద అతికించి, ఒక కొసను బిగించి, రెండో కొసకు చిన్న బరువు తగిలిస్తే, యంత్రం వణికినప్పుడల్లా పట్టీ ఊగి కరెంటు ఇస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. ప్రతి పట్టీకీ సెకనుకు ఇన్నిసార్లు ఊగాలన్న తనదైన లయ ఉంటుంది. యంత్రం లయ దానితో కలిస్తే పట్టీ పెద్దగా ఊగుతుంది. దీన్ని అనునాదం అంటాం. కలవకపోతే దాదాపు కదలనే కదలదు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకు రెండుసార్లు చొప్పున ట్రాన్స్‌ఫార్మర్ సెకనుకు 100 సార్లు గుయ్యిమంటుంది. ఆ వందకు శ్రుతి చేసిన పట్టీ అక్కడ బాగా పనిచేస్తుంది. అదే పట్టీని లోడును బట్టి వేగం మారే మోటారుకు తగిలిస్తే, శ్రుతి తప్పిన ప్రతిసారీ ఉపవాసమే.

మూడోది మన ఫాస్టాగ్. సెల్‌టవర్ నుంచి వచ్చే తరంగాలు దూరం పోయేకొద్దీ పలచబడతాయి. దూరం రెట్టింపైతే నాలుగోవంతు, మూడురెట్లయితే తొమ్మిదోవంతు. పది వాట్ల తరంగాన్ని అన్ని వైపులా సమానంగా చల్లినా, వంద మీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు అందేది మైక్రోవాట్‌లో వందోవంతు కూడా కాదు. ఫోన్‌కు ఎనిమిది లక్షలు కావాలి. గాలిలోని తరంగాలతో అది ఎందుకు ఛార్జ్ కాదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

టోల్‌గేటు దగ్గర మాత్రం ఏర్పాటు వేరు. కమాను మీది రీడర్ కొద్ది మీటర్ల దూరం నుంచే కారు అద్దం మీదికి తరంగాలు పంపుతుంది. ఫాస్టాగ్ చిప్పుకు పది మైక్రోవాట్లు అందినా మేలుకుంటుంది. మేలుకున్నాక కూడా అది సొంతంగా తరంగాలు పుట్టించదు. అంత స్తోమత దానికి లేదు. తన మీద పడుతున్న తరంగాన్ని ఓసారి మింగి, ఓసారి తిప్పికొట్టి, ఆ తేడాలతోనే తన నంబరు చెబుతుంది. ఈ తిప్పికొట్టే సంభాషణకు బ్యాక్‌స్కాటర్ అని పేరు.

ఈ ఉపాయానికి పెద్దన్న గూఢచారుల కొలువులో పనిచేశాడు. 1945లో మాస్కోలో సోవియట్ బాలబాలికలు అమెరికా రాయబారి హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. ఆయన దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. లోపల సోవియట్ ఆవిష్కర్త లియోన్ థెరెమిన్ తయారుచేసిన రహస్య మైక్రోఫోన్ ఉంది. దానికి బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి దాని మీదికి రేడియో తరంగాలు పంపినప్పుడు మాత్రం, గదిలోని మాటలకు వణికే పొర ఆ తరంగాలను మార్చి తిప్పిపంపేది. 1952 దాకా అది దొరకలేదు. శక్తి తనలో లేని వస్తువును పట్టుకోవడం ఎంత కష్టమో దానివల్ల తెలిసింది.

చెరువు, తూము, నీరటి

వనరు దొరికినంత మాత్రాన పని అయిపోదు. వనరేమో పది మైక్రోవాట్లు ఇస్తుంది, రేడియో మాట్లాడేటప్పుడు ముప్పైవేలు అడుగుతుంది. ఈ రెంటినీ కలిపేదెలా? వానాధారపు ఊరి చెరువును తలచుకుంటే ఈ సమస్యా, దాని పరిష్కారమూ రెండూ అర్థమవుతాయి.

వాగు సన్నగా వస్తుంది. ఆ సన్నధారను నేరుగా మడిలోకి వదిలితే మొదటి గట్టు దాటకుండానే ఇంకిపోతుంది. అందుకే కట్ట వేసి ఆపుతాం. చాలినంత నిండాక తూము ఎత్తుతాం. అప్పుడు నీళ్లు ఉరవడిగా పారి మడి తడుస్తుంది. సెన్సర్‌లో ఆ చెరువు పేరు కెపాసిటర్. 100 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్‌ను రెండు వోల్టుల నుంచి మూడు వోల్టుల దాకా నింపితే 250 మైక్రోజౌళ్లు చేరతాయి. పది మైక్రోవాట్ల ధారకు అది నిండడానికి 25 సెకన్లు. ఒక బ్లూటూత్ కబురుకు 150 చాలని ఇందాక చూశాం. తూము ఎత్తొచ్చు.

పెద్ద చెరువు తవ్వితే ఇంకా మేలు కదా? ఎగువ నుంచి వచ్చే నీరు తక్కువైతే కాదు. నీళ్లు అడుగున పరుచుకుని తూము మట్టానికి రానే రావు. తూముకంటే దిగువనున్న నీరు ఉన్నా లేనట్టే. కెపాసిటర్‌లోనూ అంతే. చిప్పు పనిచేయడానికి రెండు వోల్టులు కావాలంటే, అంతకు దిగువన ఎంత ఆవేశం ఉన్నా అక్కరకు రాదు. పెద్ద సూపర్ కెపాసిటర్ పెడితే మొదటిసారి ఆ మట్టానికి చేరడానికే గంటలు పట్టొచ్చు. పూర్తిగా ఎండిన స్థితి నుంచి లేవడాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. పరిగె విద్యుత్తు ఇంజనీర్లను ఎక్కువగా ఏడిపించేది అదే. చెరువు నీరు ఎండకు ఆవిరైనట్టు, వాడకపోయినా సూపర్ కెపాసిటర్‌లో ఆవేశం రోజులు గడిచేకొద్దీ కారిపోతుంది. మరి రీఛార్జి బ్యాటరీ పెడితే పోదా అంటే, అది కొన్ని వందలసార్లో రెండువేలసార్లో నిండి ఖాళీ అయ్యాక అలసిపోతుంది. సూపర్ కెపాసిటర్ లక్షలసార్లు తట్టుకుంటుంది.

తూము ఎప్పుడెత్తాలో, ఎంత ఎత్తాలో చూసుకునే నీరటి ప్రతి చెరువుకూ ఉండేవాడు. సెన్సర్‌లో ఆ పని ఒక చిన్న పవర్ మేనేజ్‌మెంట్ చిప్పుది. సౌరపట్టీ నుంచి ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి కుంగిపోతుంది, తక్కువ లాగితే దొరికేది వదులుకున్నట్టవుతుంది. ఈ రెంటి నడుమ సరైన చోటును అది పట్టుకుంటుంది. సగం వోల్టుకూ రాని వోల్టేజిని మూడుకు పెంచుతుంది. చెరువు నిండితే అలుగు పారించి కెపాసిటర్ పాడవకుండా కాపాడుతుంది. నీరటికి కూలి ఇవ్వాలి. ఈ చిప్పూ తనవంతు తినేస్తుంది. దాని తిండి ఒక మైక్రోవాట్ దాటితే చిన్న సెన్సర్‌కు భారమే.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఆయకట్టుది. చెరువు నిండితే వరి వేస్తారు. సగముంటే ఆరుతడి పంటలు వేస్తారు. పావు చెరువే ఉంటే పొలం బీడు పెట్టి, పశువుల తాగునీటికి దాచుకుంటారు. మంచి సెన్సర్ ప్రోగ్రాము కూడా అంతే. కెపాసిటర్ నిండుగా ఉంటే నిమిషానికొకసారి కబురు, సగముంటే పది నిమిషాలకొకసారి, అడుగంటితే కొలతలు లోపలే దాచుకుని మాట మానెయ్యడం. బ్యాటరీ ఉన్న సెన్సర్ ముందే ఇచ్చిన మూలధనాన్ని తింటూ ఒకే తీరున బతికి ఒకరోజు పోతుంది. బ్యాటరీ లేనిది రాబడిని బట్టి తీరు మార్చుకుంటుంది.

మధ్యలో ప్రాణం పోయే కంప్యూటర్

రాబడి పూర్తిగా ఆగిపోతే? మనం వాడే కంప్యూటర్లన్నీ కరెంటు ఉంటుందన్న నమ్మకం మీద తయారైనవే. లెక్క సగంలో ఉండగా కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలెడతాయి. కెపాసిటర్ మీద బతికే సెన్సర్‌కు సెకనుకు పలుమార్లు కరెంటు పోవచ్చు. ప్రతిసారీ మొదటికొస్తే పెద్ద లెక్క ఎన్నడూ పూర్తికాదు.

దీనికోసం పుట్టిన విద్యే ఇంటర్మిటెంట్ కంప్యూటింగ్. మనం దీన్ని విడతల గణన అందాం. శక్తి తగ్గుతోందని తెలియగానే చిప్పు తాను ఎక్కడి దాకా వచ్చిందో ఎఫ్‌ర్యామ్ అనే జ్ఞాపకంలో రాసుకుంటుంది. కరెంటు పోయినా చెరగని ఆ జ్ఞాపకంలో చాలా తక్కువ ఖర్చుతో రాయొచ్చు. మళ్లీ ప్రాణం రాగానే అక్కడి నుంచే అందుకుంటుంది. వినడానికి తేలిక, చేయడానికి చిక్కు. ఉష్ణోగ్రత కొలిచాక, కబురు పంపేలోపు ప్రాణం పోయి అరగంటకు తిరిగొచ్చిందనుకోండి. చేతిలో ఉన్నది అరగంట నాటి ఉష్ణోగ్రత. సెన్సర్‌కు మాత్రం క్షణం కూడా గడవలేదు. తాను ఎంతసేపు లేనో తనకు తెలియదు. పాత కొలతను కొత్తదనుకుని పంపకుండా దాన్ని ఆపడమెలా అన్నది పరిశోధకులు ఇంకా పట్టుకుని ఉన్న ప్రశ్నల్లో ఒకటి.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్యామ్ గొల్లకోట, జాషువా స్మిత్‌ల బృందాలు ఈ దారిలో చాలా దూరం వెళ్లాయి. 2013లో వాళ్లు టీవీ ప్రసార తరంగాలనే తిప్పికొడుతూ రెండు బ్యాటరీలేని పరికరాలు పరస్పరం మాట్లాడుకోవచ్చని చూపించారు. 2017లో బ్యాటరీ లేని ఫోన్ చేశారు. తెర లేదు, ఆప్‌లు లేవు, పక్కనే ప్రత్యేకమైన బేస్‌స్టేషన్ ఉండాలి. కానీ దాని ఖర్చు మూడున్నర మైక్రోవాట్లు, దానితో స్కైప్ కాల్ మాట్లాడారు. 2022లో ఆ విశ్వవిద్యాలయం నుంచే మరో పరికరం వచ్చింది. జిల్లేడు గింజల మాదిరిగానే గాలికి ఎగిరే డాండెలియన్ గింజలను నమూనాగా తీసుకుని, 30 మిల్లీగ్రాముల బరువున్న సౌర సెన్సర్‌ను తయారుచేశారు. డ్రోన్ నుంచి వదిలితే చిరుగాలికి వంద మీటర్ల దాకా ఎగిరి వాలుతుంది. బ్యాటరీ పెట్టి ఉంటే ఆ బరువుకు ఎగరగలిగేది కాదు. చీకటి పడితే ఆగిపోతుంది, తెల్లవారితే లేస్తుంది.

ఎక్కడ బ్యాటరీయే మేలు?

ఈ విద్య మీద మోజుతో వచ్చే మాటలను కొంచెం జాగ్రత్తగా వినాలి. రోడ్డు కింద పైజో పలకలు పరిచి, వాహనాల బరువుతో ఉచిత కరెంటు తీయొచ్చని వార్తలు వస్తుంటాయి. పలక అణిగితే బండి ఆ కాస్త లోతు దిగి ఎక్కాలి. ఎక్కడానికి పెట్రోలు కాలాలి. అంటే అది వాహనదారుడి ట్యాంకులోంచి తీసిన కరెంటు. రైలు చక్రం సెన్సర్ తీసుకునేది ఎలాగూ వృథా అయ్యే వణుకులోంచి, అదీ నలుసంత. అందుకే ఇది విద్యుత్ కేంద్రాలకు పోటీ కాదు. ఇక్కడ అమ్ముకోవడానికి కరెంటు పుట్టదు, కబురు పుడుతుంది.

ఇంట్లో పొగను కనిపెట్టి అలారం మోగించే పరికరం తీసుకోండి. అది మోగాల్సిన ఘడియ అర్ధరాత్రి చీకట్లో రావచ్చు. ‘ఈవేళ రాబడి తక్కువ, రేపు చెబుతా’ అంటే కుదరదు. అక్కడ బ్యాటరీయే ఉండాలి, దాన్ని మార్చే మనిషీ ఉండాలి. ఆస్పత్రిలో రోగి గుండెను గమనించేదైనా అంతే. చేతికందే ఎత్తులో నాలుగంటే నాలుగు సెన్సర్లు ఉన్నచోట కూడా బ్యాటరీయే చౌక.

కాబట్టి ఎవరైనా బ్యాటరీ లేని సెన్సర్ పెడతామంటే మూడు సంగతులు అడగాలి. చెడ్డవారంలో దానికి రాబడెంత? ఒక కబురు ఆలస్యమైతే నష్టమెంత? తాను కొలిచే సంఘటనే తనకు శక్తినివ్వగలదా? మూడోదానికి అవునని జవాబొస్తే మొదటి రెండూ దాదాపు తేలిపోయినట్టే. మీటనొక్కు, రైలు చక్రం, టోల్‌గేటు నిలబడింది ఆ ‘అవును’ మీదే.

ఈ జవాబులు ఎప్పటికీ ఇలాగే ఉండవు. ఎండ రేపు ఎక్కువ కాయదు, ఆఫీసు గదిలో వెలుగు పెరగదు, మనిషి వేలు ఇంకా గట్టిగా నొక్కదు. రాబడి అక్కడే ఉంటుంది. తగ్గుతున్నది చిప్పుల ఆకలి. అది ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా, నిన్న లాభం లేదనుకున్న మసక మూలో సన్నటి వణుకో ఒక సెన్సర్‌కు జీవనాధారమవుతుంది. అలా వచ్చిపడే వేల కబుర్లలో ఏది నమ్మాలి, ఏది పారేయాలి అన్నది తర్వాతి అధ్యాయం పని.